అలీ ఈ జమానాలో, నిఖత్ ఆ జమానాలో

కాటారం చౌరస్తాలో చాయ్ గ్లాసు చేతికొచ్చాక మొదలయ్యే బహస్ ఎక్కడిదాకా పోతుందో ఎవరికీ తెలియదు. మంథని బస్సు వచ్చేలోపు ఒక ముచ్చట, కాళేశ్వరం బస్సు వచ్చేలోపు ఇంకో ముచ్చట. ఈమధ్య మా కుర్రాళ్ల నోట పదేపదే వినిపిస్తున్న సవాల్ ఒకటుంది. ముహమ్మద్ అలీ ఇప్పుడు రింగులోకి దిగితే గెలుస్తాడా?

ఒకడు ఫోన్లో టైసన్ ఫ్యూరీని చూపిస్తాడు. "ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి భయ్యా, గీయన ముందల అలీ ఏం జేస్తడు?" అంటాడు. ఇంకొకడికి కోపం వస్తుంది. "ముందు అలీని దొరకబట్టమను, తర్వాత కొట్టుడు సంగతి" అంటాడు. బహస్ ఖతం కాదు. అయ్యే బహస్ కూడా కాదు, ఎందుకంటే ఇద్దరూ ఖయాల్‌లోంచి మాట్లాడుతున్నారు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రకూ అదే మాట. తేదీలు లేకుండా మాట్లాడితే అది కిస్సా అవుతుంది, తేదీలు పెట్టి మాట్లాడితే తారీఖ్ అవుతుంది. ఈ సవాల్‌కు తారీఖ్ దగ్గర కొన్ని జవాబులున్నాయి. వాటిని ముందు చూద్దాం. ఆ తర్వాత ఇదే సవాల్‌ను తిరగేసి అడగాలని నా ఇరాదా. అలీని ఈ జమానాకు తెస్తే ఏమవుతుందో అందరూ అడుగుతారు. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌ను అలీ జమానాకు పంపిస్తే ఏమవుతుందో ఎవరూ అడగరు.

యంత్రం చెప్పిన ఫైసలా

మనవాళ్ల సవాల్ పాతదే. మయామీలో మర్రీ వోరోనర్ అనే రేడియో నిర్మాత దీన్ని కంప్యూటర్‌నే అడిగాడు. 1969లో ఆయన ఇద్దర్ని ఎంచుకున్నాడు. ఒకరు రాకీ మార్సియానో, 49 పోటీలాడి ఒక్కటీ ఓడకుండా 1956లో రిటైరైన చాంపియన్. రెండోవాడు అలీ. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు టైటిలూ పోయి, లైసెన్సూ పోయి, ఖాళీగా ఉన్న రోజులవి. ఇద్దరి లెక్కలూ యంత్రంలో వేశారు. ఇద్దర్నీ ఒక గదిలో రింగు ఎక్కించి, నిమిషం నిమిషం ముక్కలుగా ఉత్తుత్తి రౌండ్లు ఆడించి కెమెరాలో పట్టారు. దీనికోసం మార్సియానో ఇరవై కిలోలకు పైగా తగ్గాడు, బట్టతల మీద విగ్గు కూడా పెట్టుకున్నాడు. ముగింపులు రకరకాలుగా తీసి ఉంచుకున్నారు కాబట్టి, ఎవరు గెలుస్తారో ఆడిన ఇద్దరికీ తెలియదు.

ఫలితం చూడకుండానే మార్సియానో వెళ్లిపోయాడు. 1969 ఆగస్టు 31న విమానం కూలి చనిపోయాడు. తెల్లవారితే అతని 46వ పుట్టినరోజు. 1970 జనవరి 20న ఆ సినిమా థియేటర్లలో వేశారు. 13వ రౌండులో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడని చూపించారు. ఐరోపాలో వేసిన ఇంకో ప్రతిలో అలీ గెలిచాడు. ఒకే ముకాబలా, సముద్రానికి ఈ పక్క ఒక ఫైసలా, ఆ పక్క ఇంకో ఫైసలా. చౌరస్తా బహస్‌కూ ఆ యంత్రానికీ తేడా ఏముంది చెప్పండి?

సచ్‌ముచ్ జరిగిన పరీక్షలు

యంత్రాన్ని పక్కన పెడదాం. పాత చాంపియన్ తర్వాతి జమానా రింగులోకి నిజంగానే నడిచి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

1910 జులై 4న అమెరికాలోని రీనోలో జేమ్స్ జెఫ్రీస్ వచ్చాడు. ఓటమి లేకుండా తప్పుకుని పొలం చూసుకుంటున్న మనిషి. జాక్ జాన్సన్ అనే నల్లజాతి చాంపియన్‌ను ఎవరో ఒక తెల్లవాడు ఓడించాలన్న జనం జిద్ అతన్ని ఇల్లు కదిలించింది. 15వ రౌండుకు జెఫ్రీస్ పని అయిపోయింది. 1951 అక్టోబర్ 26న జో లూయీ వచ్చాడు. పన్నెండేళ్లు చాంపియన్‌గా ఉన్న ఆ ఉస్తాద్‌ను రింగుకు తిరిగి తెచ్చింది ఇన్‌కంటాక్స్ బాకీ. కుర్ర మార్సియానో చేతిలో ఎనిమిదో రౌండులో తాళ్ల బయటికి పడ్డాడు. 2024 నవంబర్ 15న 58 ఏళ్ల మైక్ టైసన్ వచ్చాడు. రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లు నిలబడ్డాడు, అంతే. జడ్జీలు జేక్ పాల్‌కు ఇచ్చారు.

అలీ కూడా ఈ పరీక్ష రాశాడు. 1980 అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ ఎదుట నిలబడ్డాడు. హోమ్స్ ఒకప్పుడు అలీకి స్పారింగ్ భాగస్వామి, అంటే తాలీంఖానాలో ఉస్తాద్ చేతి దెబ్బలు తిన్న షాగిర్ద్. 38 ఏళ్ల అలీ ఒక్క రౌండు కూడా గెలవలేకపోయాడు. పదో రౌండు ముగిశాక అతని కార్నర్ వాళ్లే ఆపేశారు. ఆ వీడియో చూసినవాళ్లకు తెలుసు, దాన్ని ముకాబలా అనడానికి నోరు రాదు.

ఇన్ని ఓటముల మధ్య ఒక్క గెలుపుంది. జార్జ్ ఫోర్‌మన్‌ది. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ చేతిలో ఎనిమిదో రౌండులో పడిపోయిన ఫోర్‌మన్, 1977లో రింగు వదిలి చర్చిలో బోధకుడయ్యాడు. పదేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. అందరూ నవ్వారు. 1994 నవంబర్ 5న, 45 ఏళ్ల వయసులో, కిన్షాసా నాటి ఎర్ర నిక్కరే వేసుకుని మైకేల్ మూరర్ ముందు నిలబడ్డాడు. తొమ్మిది రౌండ్లు వెనకబడే ఉన్నాడు. పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బ. మూరర్ లేవలేదు. ఇరవై ఏళ్ల తర్వాత టైటిల్ మళ్లీ అతనిదైంది.

ఈ గవాహీలన్నీ కలిపి చూస్తే ఏం తెలుస్తుంది? కాళ్ల వేగం మీద బతికిన బాక్సర్‌కు తర్వాతి జమానా రహమ్ చూపదు. చేతి బరువు మీద బతికిన బాక్సర్‌కు ఒక్కోసారి సందు దొరుకుతుంది. అయితే ఇవన్నీ వయసు పెట్టిన పరీక్షలు. మన కుర్రాళ్లు అడిగేది 38 ఏళ్ల అలీ గురించి కాదు. 24 ఏళ్ల అలీ గురించి. అతన్ని తూచాలంటే కొలతలు తీయాలి.

కాటా మీద

1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి చాంపియన్ అయిననాడు అలీ బరువు సుమారు 95 కిలోలు. ఎత్తు 191 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల మూడంగుళాలు. కిన్షాసాలో 98 కిలోలు. జో లూయీ తన మంచి రోజుల్లో 90 కిలోల దగ్గర ఉండేవాడు. మార్సియానో 84 కిలోలు. ఇప్పటి లెక్కలో 90.7 కిలోలు దాటితేనే హెవీవెయిట్. అంటే మార్సియానో ఈ జమానాలో పుట్టి ఉంటే కాటా మీదే ఆగిపోయేవాడు, క్రూజర్‌వెయిట్ అనే కింది తరగతిలో ఆడమనేవారు. ఆ తరగతి 1979 దాకా లేనే లేదు.

ఫ్యూరీ ఎత్తు 206 సెంటీమీటర్లు, 2024 మే 18న రియాద్‌లో రింగెక్కినప్పుడు బరువు 119 కిలోలకు కొంచెం తక్కువ. ఈ అంకెలు పక్కపక్కన పెడితే అలీ వైపు మాట్లాడేవాడికి గొంతు తగ్గిపోతుంది. కానీ ఆ రాత్రి ఫ్యూరీ ఎదుట ఉన్నది ఎవరు? ఉక్రెయిన్ వాడు ఒలెక్సాండర్ ఉసిక్. ఎత్తు 191 సెంటీమీటర్లు, బరువు 101 కిలోల చిల్లర. అలీ కొలతలే దాదాపుగా. తమాషా ఏమిటంటే ఇద్దరి పుట్టినరోజు కూడా ఒకటే, జనవరి 17. అలీ 1942, ఉసిక్ 1987. ఆ రాత్రి ఉసిక్ గెలిచాడు. అదే ఏడాది డిసెంబర్ 21న ఫ్యూరీ ఇంకా బరువు పెంచుకుని 127 కిలోలతో వచ్చాడు. మళ్లీ ఉసిక్కే గెలిచాడు.

పెద్ద శరీరం మీద చిన్న శరీరం గెలవడం పాత తారీఖ్‌లో కూడా ఉంది. 1919 జులై 4న టొలీడోలో జాక్ డెంప్సీ, జెస్ విల్లార్డ్‌ను మూడు రౌండ్లలో కూలగొట్టాడు. ఇద్దరి మధ్య తేడా 26 కిలోలు. మన కిరాణా దుకాణంలో అమ్మే బియ్యం సంచి ఒకటి భుజాన వేసుకున్నంత తేడా. కాబట్టి ఎత్తూ బరువూ చూపించి అలీని కొట్టేయడం కుదరదు.

మరి అలీకి డర్ ఎక్కడుంది? చేతులు నడుము దగ్గరికి దించి ఆడేవాడు. దెబ్బ వస్తే పక్కకు జరగకుండా తల వెనక్కి లాగేవాడు. ఏ ఉస్తాదూ నేర్పని పద్ధతి అది. కళ్లూ కాళ్లూ మెరుపులా ఉన్నంతకాలం నడిచింది. అయినా ఎడమ చేతి హుక్ అతన్ని పడగొడుతూనే ఉండేది. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్. ఎడమచేతి వాటం వాళ్లతో కూడా చిక్కే. 1966 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్ల్ మిల్డెన్‌బర్గర్ అనే జర్మన్ అతన్ని 12వ రౌండు దాకా లాగాడు. ఉసిక్ కూడా ఎడమచేతి వాటమే.

ఖానూన్ మారితే చాంపియన్ మారతాడు

చౌరస్తా బహస్‌లో ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఏ జమానా ఖానూన్ ప్రకారం ఆడిస్తున్నాం?

జాక్ జాన్సన్ 1915లో హవానాలో టైటిల్ పోగొట్టుకున్నది 45 రౌండ్ల పోటీలో, 26వ రౌండులో. లూయీ, మార్సియానో, అలీల కాలానికి అది 15 రౌండ్లకు వచ్చింది. 1982 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో కొరియా కుర్రాడు కిమ్ దుక్ కూ 14వ రౌండులో పడి, కొద్ది రోజులకు చనిపోయాడు. ఆ మౌత్ తర్వాత డబ్ల్యూబీసీ తన టైటిల్ పోటీలను 12 రౌండ్లకు తగ్గించింది. మిగతా సంస్థలు కూడా ఆ దశాబ్దంలోనే అదే దారి పట్టాయి.

మూడు రౌండ్లే కదా అనుకోకండి. 1941 జూన్ 18న జో లూయీ మీద బిల్లీ కాన్ అనే చిన్నవాడు ఆడాడు. 12 రౌండ్లు అయ్యేసరికి ఇద్దరు జడ్జీల లెక్కలో కాన్ ముందున్నాడు, మూడో లెక్క సమానం. 13వ రౌండులో లూయీ నాకౌట్ చేశాడు. 1952 సెప్టెంబర్ 23న జెర్సీ జో వాల్కాట్ చేతిలో మార్సియానో 12 రౌండ్ల దాకా ముగ్గురి లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు. 13వ రౌండులో కుడిచేతి దెబ్బ ఒక్కటి తగిలింది, వాల్కాట్ తాళ్ల మీదికి ఒరిగిపోయాడు. ఇవాళ్టి ఖానూన్ అయితే కాన్ చాంపియన్. మార్సియానో ఆ రాత్రి ఓడిపోయినవాడు. 49కి 49 అన్న ఆ మశ్‌హూర్ లెక్క పుట్టనే పుట్టదు.

అలీకి అయితే ఇవాళ్టి ఖానూన్ ఫాయిదానే చేసేది. రింగులో కాదు, రింగు తర్వాత జిందగీలో. 1975 అక్టోబర్ 1న మనీలాలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు ఇద్దరూ ఒకర్నొకరు దాదాపు చంపుకున్నారు. 15వ రౌండు గంట కొట్టకముందే ఫ్రేజియర్ ఉస్తాద్ ఎడ్డీ ఫచ్ తన బిడ్డను లేవనివ్వలేదు. అలీకి అలా ఆపే మనిషి అయిదేళ్ల తర్వాత గానీ దొరకలేదు. డాక్టర్ ఫెర్డీ పచేకో 1977లోనే ఇక చాలు అని చెప్పి, చెప్పినా వినకపోతే తనే తప్పుకున్నాడు. 1981 డిసెంబర్‌లో బహామాస్‌లో ఆఖరి పోటీ. 1984లో పార్కిన్సన్ లక్షణాలు బయటపడ్డాయి. ఆ తర్వాత 32 ఏళ్లు, 2016 జూన్ 3 దాకా, దునియాలో అందరికంటే ఎక్కువ మాట్లాడిన మనిషి ఖామోష్‌గా బతికాడు.

ఇంకో నష్టం కూడా లెక్కలో రాయాలి. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరనన్నాడు. 1970 అక్టోబర్ 26 దాకా రింగెక్కనివ్వలేదు. 25 నుంచి 28 ఏళ్ల మధ్య మూడున్నరేళ్లు. ఏ పహిల్వాన్‌నైనా అడగండి, శరీరం బాదం పప్పులా పక్వానికొచ్చే వయసది. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అతని వైపే ఫైసలా ఇచ్చింది, కానీ ఏ అదాలత్ ఆ మూడున్నరేళ్లు తిరిగివ్వగలదు?

నా మాట అడిగితే, 1966లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన ఆ అలీ ఇవాళ వచ్చినా పైవరుసలోనే ఉంటాడు. ఫ్యూరీని గెలుస్తాడని నా నమ్మకం. ఉసిక్‌తో మాత్రం రాత్రంతా లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిందే. ఉసిక్ అలీ నడిచిన దారిలోంచే వచ్చాడు. తన ముందువాళ్ల వీడియోలు చూసి నేర్చుకునే అవకాశం వెనక పుట్టినవాడికే ఉంటుంది, అది ముందు పుట్టినవాడికి ఉండదు. ఆ ఒక్క బేఇన్సాఫీని ఏ కంప్యూటరూ సరిచేయలేదు.

దర్వాజా మూసి ఉన్నప్పుడు

ఇంతవరకు మాట్లాడిందంతా రింగెక్కినవాళ్ల గురించి. ఓడినా గెలిచినా తారీఖ్‌లో వాళ్లకు పేరుంది. ఇప్పుడు అసలు రింగే ఎక్కనివ్వని వాళ్ల సంగతి చూద్దాం.

పందొమ్మిదో శతాబ్దం చివర జాన్ ఎల్. సలివన్ అనే చాంపియన్ నల్లవాళ్లతో ఆడనని బాహాటంగా చెప్పాడు. పీటర్ జాక్సన్ అనే గొప్ప బాక్సర్ ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు. 1908 డిసెంబర్ 26న సిడ్నీలో జాక్ జాన్సన్ టైటిల్ గెలిచేదాకా ఆ దర్వాజా తెరుచుకోలేదు. తమాషా కాదు, దర్ద్ ఏమిటంటే, చాంపియన్ అయ్యాక జాన్సన్ కూడా శామ్ లాంగ్‌ఫర్డ్ అనే నల్లవాడికి టైటిల్ పోటీ ఇవ్వలేదు. తెల్ల చాంపియన్లూ ఇవ్వలేదు. లాంగ్‌ఫర్డ్ చివరికి చూపు పోగొట్టుకుని బీదరికంలో బతికాడు. ఫలానా జమానాలో శామ్ లాంగ్‌ఫర్డ్ గెలిచేవాడా అని ఎవరూ బహస్ పెట్టుకోరు. సొంత జమానాలోనే అతనికి ముకాబలా దొరకలేదు మరి.

రంగు అడ్డు తొలగింది. ఇంకో అడ్డు చాలాకాలం ఉండిపోయింది. ఆడవాళ్లు.

అలీ సొంత బిడ్డ లైలా 1999లో ప్రొఫెషనల్ రింగులోకి వస్తానంటే మొదట్లో అలీకే ఇష్టం లేదు. ప్రపంచంలో ఎవరికీ తలవంచని బాప్, బిడ్డ గ్లవ్స్ తొడుక్కుంటానంటే భయపడ్డాడు. లైలా ఆగలేదు. 24 పోటీలు ఆడి 24 గెలిచింది. బ్రిటన్‌లో జేన్ కౌచ్ అనే బాక్సర్‌కు లైసెన్స్ కావాలంటే ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది, అది కూడా 1998లో. ఆడవాళ్లకు మొదటి ప్రపంచ అమెచ్యూర్ పోటీలు 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో. మన మణిపూర్ మేరీ కోమ్ అక్కడ రజతం తెచ్చింది. ఒలింపిక్స్‌లో చోటు ఇవ్వాలన్న ఫైసలా 2009 ఆగస్టులో వచ్చింది, ఆడించింది 2012 లండన్‌లో. అప్పుడు మగవాళ్లకు పది బరువు తరగతులు, ఆడవాళ్లకు మూడే.

1980 జనవరిలో అలీ హిందుస్తాన్ వచ్చాడు. ఢిల్లీ నేషనల్ స్టేడియంలో మన సైన్యపు బాక్సర్ కౌర్ సింగ్‌తో నాలుగు రౌండ్లు సరదాగా ఆడాడు. తర్వాత మద్రాసు వెళ్లి, తన పాత దోస్త్ జిమ్మీ ఎల్లిస్‌తో నెహ్రూ స్టేడియంలో ఆడాడు. ముఖ్యమంత్రి ఎంజీఆర్ దగ్గరుండి చూసుకున్నారు. కౌర్ సింగ్ రెండేళ్లకు ఢిల్లీ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచాడు. అలీతో నిలబడ్డ ఆ నాలుగు రౌండ్లు ఒక పంజాబ్ రైతుబిడ్డకు ఎంత హిమ్మత్ ఇచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆ గుంపుల్లో నిలబడి చూసిన ఆడపిల్లలకు మాత్రం అది తమాషాగానే మిగిలిపోయేది. ఇంటికెళ్లి నేనూ నేర్చుకుంటాను అనడానికి దేశంలో ఎక్కడా జాగా లేదు.

ఆ రోజుల్లో ఇక్కడ మా ఆపా బడి పరుగు పందేల్లో మగపిల్లల్ని దాటి ఉరికేది. తొమ్మిదో తరగతి అయ్యాక ఉరకడం బంద్ అయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఫలానావాళ్లు ఆపారని చెప్పడానికి కూడా లేదు. పెద్దపిల్ల అయింది, ఇక ఎందుకు అనుకున్నారంతే. ఇప్పటికీ ఆపా నడక చూస్తే నాకు ముందుకు ఒంగి బయల్దేరే పరుగు మనిషే కనిపిస్తుంది. ఆమె ఎంత దూరం పోయేదో ఏ కంప్యూటర్‌ను అడగాలి? అందులో వేయడానికి ఒక్క అంకె కూడా లేదు.

నిఖత్‌ను వెనక్కి పంపితే

గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర. అక్కణ్ణుంచి ప్రవహించి మా కాళేశ్వరం చేరుతుంది. ఒకే నది ఒడ్డు వాళ్లం కాబట్టి నిఖత్‌ను మన పిల్ల అనుకోవడంలో తప్పులేదు. 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. మొదట పరుగు నేర్చుకుంది. మైదాన్‌లో అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనిపించారు గానీ బాక్సింగ్‌లో కనిపించలేదు. ఎందుకని అబ్బాను అడిగింది. ఆ అబ్బా కూడా ఆటగాడే, బిడ్డ జిద్‌ను అర్థం చేసుకున్నాడు. 2009లో మొదలుపెట్టింది. నిజామాబాద్‌లో శంసముద్దీన్ ఉస్తాద్ దగ్గర పాఠాలు, ఆ తర్వాత విశాఖపట్నంలో ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్.

ఆ 2009ని ఒకసారి పైన చెప్పిన తేదీల పక్కన పెట్టి చూడండి. ఒలింపిక్స్ దర్వాజా తెరవాలని నిర్ణయించిన సంవత్సరం అదే. ఈ పిల్ల గ్లవ్స్ తొడిగిందీ అదే సంవత్సరం. కిస్మత్ అంటే నేను దాన్నే అంటాను. మెహనత్ ఆమెది, కిస్మత్ జమానాది. ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే అదే చేయి, అదే కన్ను, అదే జిద్ ఉండేవి, పేరు మాత్రం ఇంటి గడప దాటేది కాదు.

చౌరస్తా సవాల్‌కు నిఖత్ జీవితంలోనే ఒక నిజమైన జవాబు కూడా ఉంది. పాత చాంపియన్ కొత్త జమానాలో నిలబడగలదా అని కదా అడిగాం? 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను నేరుగా పంపాలనుకుంటే, ట్రయల్ పెట్టమని నిఖత్ క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. చాలామందికి అది గుస్తాఖీలా కనిపించింది. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, పిల్లల తల్లి మేరీ కోమ్ 9-1తో గెలిచింది. కొత్త జమానా ఓడింది, పాత జమానా గెలిచింది. అయితే దర్వాజా తట్టినదాని విలువ తర్వాత తెలిసింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జుతమాస్ మీద 5-0తో నిఖత్ 52 కిలోల ప్రపంచ చాంపియన్ అయింది. 2023 మార్చి 26న ఢిల్లీలో 50 కిలోల తరగతిలో మళ్లీ అయింది.

52 నుంచి 50కి ఎందుకు దిగింది? పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు. 50 ఉంది, 54 ఉంది. అంటే ఖానూన్ ఇక్కడ కూడా మధ్యలో వచ్చి కూర్చుంది. మార్సియానోకు మూడు రౌండ్లు, నిఖత్‌కు రెండు కిలోలు. ఉన్న సన్నటి ఒంట్లోంచే ఆ రెండు కిలోలు తీయాలి, తిండి తగ్గించి, నీళ్లు తగ్గించి. 2024 ఆగస్టు 1న పారిస్‌లో రెండో పోటీలోనే చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడింది. ఆ వూ యూ చివరికి బంగారు పతకం గెలిచింది. సీడింగ్ లేక ముందే ఆమె ఎదురుపడింది. మన పేపర్లు ఒక్కరోజు బాధపడి మరిచిపోయాయి. నాకు మాత్రం అది ఓటమిలా అనిపించలేదు. ఒలింపిక్ రింగులో ఓడిపోయే హక్కు కోసం మేరీ కోమ్ తరం పదేళ్లకు పైగా ఎదురుచూసింది.

శంసముద్దీన్ ఉస్తాద్ కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకాలు తెచ్చాడు, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ చేరి మోకాలి గాయంతో ఆగాడు. ఒక చిన్న పట్టణంలో ఒక ఉస్తాద్ పట్టుబట్టి కూర్చుంటే ఏమవుతుందో ఇది సబూత్. నిజామాబాద్ నీళ్లలో ఏదో ఉందని కొందరంటారు. అదే నీళ్లు మా వైపు కూడా వస్తాయి కదా. నీళ్లలో ఏమీ లేదు, ఉన్నదంతా ఆ మైదాన్‌లో, ఆ ఉస్తాద్‌లో, బిడ్డ అడిగితే కాదనని ఆ అబ్బాలో ఉంది.

కాబట్టి మా కుర్రాళ్లకు నా జవాబు ఇది. అలీ ఈ జమానాకు వచ్చినా గెలిచే మనిషే, అందులో నాకు పెద్దగా షక్ లేదు. ఆయన గురించి ఎంత బహస్ చేసినా ఆయనకు కొత్తగా వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. కాటారం, మహదేవపూర్, మల్హర్ మండలాల బడుల్లో ఇవాళ తొమ్మిదో తరగతి చదువుతూ మగపిల్లల్ని దాటి ఉరికే ఆడపిల్లలకు మాత్రం మన ఫైసలాతో పని ఉంది. పదో తరగతిలో కూడా ఆమె ఉరుకుతుందా లేదా అన్నది ఏ జమానా మీదో వదిలేయడానికి లేదు. వాళ్లకు ఈ జమానా అంటే మనమే.